కార్ల రేటింగులు: ఏ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

కారు కొనాలనుకున్న ఇంట్లో సలహాలకు కొదవ ఉండదు. జెద్దాలో ఉన్న మామూ ‘టయోటా తీసుకోండి, కళ్లు మూసుకుని నడుపుకోవచ్చు’ అంటారు. షికాగోలో చదువుకుంటున్న అబ్బాయి ఫోన్‌కు ఒక జాబితా పంపిస్తాడు. గల్లీ చివర షెడ్డు మెకానిక్ ఇంకో పేరు చెబుతాడు. షోరూంలో సేల్స్‌మన్ ‘మన బండికి ఫైవ్ స్టార్ వచ్చింది సార్’ అంటూ బ్రోచర్ తెరుస్తాడు. నలుగురూ ఒకే సంగతి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నిజానికి నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు.

లోన్ జోలికి పోకుండా, ఏళ్లపాటు కూడబెట్టిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు కొనే కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఇంజిన్ పని వచ్చిందంటే ఆ దెబ్బ పిల్లల ఫీజుల మీదో, పెళ్లి ఖర్చుల మీదో పడుతుంది. కాబట్టి ‘ఈ బండి ఇబ్బంది పెట్టకుండా నడుస్తుందా’ అన్న ప్రశ్నకు ఎవరు, ఎవరిని అడిగి, ఏ లెక్కతో జవాబు చెబుతున్నారో తెలిసి ఉండాలి. ఈ లెక్కను పద్ధతిగా వేసేవాళ్లు ప్రపంచంలో తక్కువే. ఎక్కువగా వినిపించే పేర్లు అమెరికాలో రెండు, జర్మనీలో రెండు.

కన్స్యూమర్ రిపోర్ట్స్: లెక్క ఎక్కడి నుంచి వస్తుంది?

షికాగో అబ్బాయి పంపిన జాబితా చాలామటుకు ఈ సంస్థదే అయి ఉంటుంది. 1936లో అమెరికాలో ‘కన్స్యూమర్స్ యూనియన్’ పేరుతో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ ఇది. కంపెనీల ప్రకటనలు తీసుకోదు. పరీక్షించే కార్లను కంపెనీల దగ్గర అడిగి తెచ్చుకోదు, మామూలు కస్టమర్‌లాగా డీలర్ దగ్గర డబ్బు కట్టి కొంటుంది. కనెక్టికట్ రాష్ట్రంలో 327 ఎకరాల్లో సొంత టెస్ట్ ట్రాక్ ఉంది. ఇంత ఖర్చు పెట్టుకుని, ఎవరి మొహమాటమూ లేకుండా పనిచేసే సంస్థలు అరుదు. దాని మాటకు విలువ రావడానికి కారణం అదే.

అయితే ఇక్కడే చాలామంది పొరపడతారు. ట్రాక్ మీద నడిపి చూసేది బ్రేకులు, మైలేజీ, సీట్లు, శబ్దం, మలుపుల్లో పట్టు. బండి రెండేళ్ల తర్వాత మొరాయిస్తుందా లేదా అన్నది ట్రాక్ మీద తెలియదు. ఆ లెక్క సభ్యుల సర్వే నుంచి వస్తుంది. గడిచిన 12 నెలల్లో మీ కారుకు పెద్ద సమస్య ఏదైనా వచ్చిందా అని ఏటా సభ్యులను అడుగుతారు. ఖర్చు ఎక్కువైనా, బండి ఆగిపోయినా, ప్రమాదం అనిపించినా, రోజుల తరబడి షెడ్డులో ఉన్నా అది పెద్ద సమస్య కిందే లెక్క. ఇంజిన్, గేర్‌బాక్స్, ఏసీ, ఎలక్ట్రికల్స్ ఇలా 20 విభాగాలు ఉంటాయి. డోర్ దగ్గర కిర్రుమనే చప్పుడు కన్నా ఇంజిన్ సమస్యకు ఎక్కువ బరువు ఇస్తారు. ఈ మధ్య ఏళ్లలో ఒక్కో సర్వేలో 3 లక్షలకు పైగా వాహనాల వివరాలు వస్తున్నాయి.

ట్రాక్ మార్కులకూ, యజమానుల అనుభవానికీ ఎంత దూరం ఉంటుందో 2015లో బాగా తేలింది. ఆ ఆగస్టులో టెస్లా మోడల్ ఎస్ పీ85డీ అనే కారుకు ఈ సంస్థ ట్రాక్ టెస్టులో 100కు 103 మార్కులు వచ్చాయి. కొలబద్ద చాలక, మార్కులు వేసే పద్ధతినే సవరించుకోవాల్సి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబర్‌లో, అదే సంస్థ మోడల్ ఎస్‌కు తన సిఫారసు వెనక్కి తీసుకుంది. దాదాపు 1,400 మంది యజమానులు పంపిన వివరాలు చూస్తే, సమస్యలు సగటు కన్నా ఎక్కువ వస్తాయని తేలింది. మోటారు, చార్జింగ్, స్క్రీన్, డోర్ హ్యాండిళ్లు, సన్‌రూఫ్ లీకు, ఇలా చాలా ఫిర్యాదులు వచ్చాయి. అసలు విచిత్రం ఏమిటంటే, మళ్లీ కొంటారా అని అడిగితే 97 శాతం మంది కొంటామనే చెప్పారు.

ఒకే కారుకు మూడు జవాబులు. బాగా నడుస్తుంది, తరచూ చెడిపోతుంది, అయినా యజమానికి ఇష్టం. మూడూ నిజాలే. పత్రికల్లో హెడ్డింగ్ పెట్టేవాళ్లు ఈ మూడింట్లో ఒకటే తీసుకుని ‘బెస్ట్ కార్’ అనో ‘చెత్త కార్’ అనో రాసేస్తారు.

కొత్త మోడల్ సంగతి

కన్స్యూమర్ రిపోర్ట్స్ ఇచ్చే ఇంకో అంకె ‘అంచనా’. ఈ ఏడాది షోరూంలోకి వచ్చిన కారు ముందు ముందు ఎలా ఉంటుందన్నది గత రెండు మూడేళ్ల లెక్కల నుంచి ఊహించి చెబుతారు. మోడల్ మారకపోతే ఈ ఊహ బాగానే నిలబడుతుంది. మొత్తం మార్చేసిన కొత్త డిజైన్ అయితే మాత్రం కంపెనీ పాత పేరు మీద ఆధారపడక తప్పదు.

ఆ పేరు ఎప్పుడూ కాపాడదు. టయోటా కొత్త మోడల్ అంటే సర్వే లెక్క రాకముందే బాగుంటుందని అనుకోవడం ఈ సంస్థకు చాలాకాలం అలవాటు. 2007 సర్వేలో క్యామ్రీ వీ6తో పాటు, టుండ్రాలో ఒక రకం, లెక్సస్ జీఎస్‌లో ఒక రకం సగటు కన్నా కింద పడ్డాయి. అప్పటి నుంచి టయోటాకు కూడా లెక్క చూశాకే సిఫారసు అని ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రకటించింది. 2024లో టయోటా 2022, 2023 మోడల్ టుండ్రా ట్రక్కులు, లెక్సస్ ఎల్‌ఎక్స్‌లు కలిపి అమెరికాలో దాదాపు లక్ష బండ్లను ఇంజిన్ కోసం వెనక్కి పిలిచింది. తయారీలో మిగిలిపోయిన లోహపు తుక్కు ఇంజిన్‌లో చేరడం కారణం. ఇంత జరిగినా కంపెనీల జాబితాలో టయోటా, లెక్సస్ పైనే ఉంటూ వచ్చాయి. జాబితా తప్పని కాదు. అది కంపెనీ బండ్లన్నిటి సగటు. కొనేది మాత్రం ఒక్క బండి. మోడల్, సంవత్సరం, ఇంజిన్ రకం, ఈ మూడూ చూడకుండా పేరు చూసి కొనడం అందుకే ప్రమాదం. మొదటి ఏడాది మోడల్ కొనకుండా ఒకటి రెండేళ్లు ఆగమని ఆ సంస్థ నిపుణులు ఇచ్చే పాత సలహా ఇప్పటికీ పనికొస్తుంది.

జె.డి. పవర్: 90 రోజుల లెక్క, మూడేళ్ల లెక్క

టీవీ యాడ్లలో ‘నంబర్ వన్ క్వాలిటీ’ అని ట్రోఫీ చూపిస్తే అది చాలాసార్లు జె.డి. పవర్ వాళ్లది. 1968లో మొదలైన మార్కెట్ సర్వే కంపెనీ ఇది. దీనికి ఆదాయం ఎక్కువగా కార్ల కంపెనీల నుంచే. సర్వే వివరాలు కొనుక్కునేది వాళ్లే. అవార్డు గెలిచాక ఆ బొమ్మను ప్రకటనల్లో వాడుకోవడానికి ఫీజు కట్టేది కూడా వాళ్లే. అంతమాత్రాన లెక్క తారుమారు చేస్తారని అనడానికి లేదు. కంపెనీలు ఈ వివరాలు కొనేదే సొంత లోపాలు పట్టుకోవడానికి. తప్పుడు లెక్క వాళ్లకే పనికిరాదు. కాకపోతే ఎన్నెన్నో విభాగాలు పెట్టి ఏదో ఒక దాంట్లో ఎవరో ఒకరికి ట్రోఫీ దక్కేలా ఉండడం వెనక వ్యాపారం ఉందని మాత్రం మర్చిపోకూడదు.

వాళ్ల సర్వేల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి కారు కొన్న 90 రోజులకు అడిగేది. రెండోది మూడేళ్లు వాడిన మొదటి యజమానిని అడిగేది. రెంటిలోనూ వంద కార్లకు ఎన్ని సమస్యలు అని లెక్క కడతారు. అంకె తగ్గే కొద్దీ మంచిది. 2025 మూడేళ్ల సర్వేలో లెక్సస్‌కు 140, మొత్తం సగటు 202. వినడానికి చాలా తేడా. ఒక్క బండి మీద పంచితే ఒకదానికి 1.4 సమస్యలు, సగటు బండికి 2.02. అందులో కూడా ముందు వరుసలో నిలిచిన ఫిర్యాదు ఇంజిన్‌ది కాదు, గేర్‌బాక్స్‌ది కాదు. ఫోన్ కారు స్క్రీన్‌కు సరిగా కలవకపోవడం. పాటలు ఆగిపోవడమూ ఒక సమస్యే, రోడ్డు మధ్యలో బండి ఆగిపోవడమూ ఒక సమస్యే. వందకు ఇన్ని అని కూడితే రెండూ ఒకటే అంకె.

దీని ప్రభావం ఎంతో 2011లో ఫోర్డ్‌కు తెలిసింది. ముందు ఏడాది 90 రోజుల సర్వేలో 5వ స్థానంలో ఉన్న ఫోర్డ్ ఆ ఏడాది 23కు పడిపోయింది. ముఖ్య కారణాల్లో ఒకటి కొత్తగా పెట్టిన టచ్ స్క్రీన్. జనానికి అర్థం కాలేదు, మొండికేసింది. జాబితా చూసినవాళ్లు ఫోర్డ్ బండ్లే పాడైపోయాయని అనుకున్నారు.

ఇంతకన్నా గట్టి ఉదాహరణ కియా. 2016లో జె.డి. పవర్ 90 రోజుల సర్వేలో కియా మొత్తం కంపెనీల్లో మొదటి స్థానంలో నిలిచింది. వంద కార్లకు 83 సమస్యలు. లగ్జరీ కాని కంపెనీ మొదటి స్థానానికి రావడం 27 ఏళ్లలో అదే మొదటిసారి. అప్పటికే అదే గ్రూపు కార్లలో ‘థీటా 2’ అనే పెట్రోల్ ఇంజిన్ మీద అమెరికాలో ఫిర్యాదులు నడుస్తున్నాయి. లోపల బేరింగులు అరిగి ఇంజిన్ పట్టేయడం, కొన్నిసార్లు నడుస్తుండగానే ఆగిపోవడం. 2015 సెప్టెంబర్‌లో హ్యుందాయ్ 4 లక్షల 70 వేల సొనాటాలను వెనక్కి పిలిచింది. 2017లో హ్యుందాయ్, కియా కలిపి మరో దాదాపు 12 లక్షల బండ్లు. రీకాల్ చేయడంలో ఆలస్యం చేశారన్న ఆరోపణ మీద 2020 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వంతో రెండు కంపెనీలూ కలిపి 21 కోట్ల డాలర్ల పరిష్కారానికి ఒప్పుకున్నాయి.

అంటే అవార్డు అబద్ధమా? కాదు. 90 రోజుల్లో అడిగితే 90 రోజుల సంగతే తెలుస్తుంది. బేరింగ్ అరగడానికి ఏళ్లు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ ఉండడం వల్ల తెలుగువాళ్లకు కియా దగ్గరి పేరు. 2019లో అక్కడి నుంచి వచ్చిన సెల్టోస్‌లో ఉన్నవి వేరే ఇంజిన్లు. కాబట్టి అమెరికా రీకాల్ చూపించి సెల్టోస్‌ను తిట్టడమూ తప్పే, అమెరికా ట్రోఫీ చూపించి పొగడడమూ తప్పే.

ఒకటి రెండు మెట్ల తేడా తేడానేనా?

సర్వే అంటే అందరినీ అడగడం కాదు. కన్స్యూమర్ రిపోర్ట్స్‌కు లక్షల వాహనాల వివరాలు వచ్చినా, వాటిని కంపెనీలు, మోడళ్లు, సంవత్సరాలుగా విడగొడితే ఒక్కో దాని కింద సాధారణంగా కొన్ని వందలే మిగులుతాయి. ఉదాహరణకు ఒక మోడల్ యజమానులు 200 మంది జవాబిచ్చారు, 20 మందికి పెద్ద సమస్య వచ్చింది అనుకుందాం. అంటే 10 శాతం. ఇంకో మోడల్‌కు 200లో 26 మంది, 13 శాతం. జాబితాలో మొదటిది పైన, రెండోది చాలా కింద కనిపిస్తుంది. కానీ 200 మందిని అడిగిన సర్వేలో 10 శాతం అంటే అసలు సంగతి 6 నుంచి 14 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఈ రెండు బండ్ల మధ్య తేడా ఉందని ఆ లెక్కతో గట్టిగా చెప్పలేరు. వచ్చే ఏడాది అవే స్థానాలు తారుమారు కావచ్చు, బండ్లు మాత్రం అవే.

పైన ఉన్నదానికీ అట్టడుగున ఉన్నదానికీ తేడా మాత్రం నిజమే. ఏళ్ల తరబడి ఒకే కంపెనీ పైన, ఒకే కంపెనీ కింద కనిపిస్తే దాన్ని నమ్మవచ్చు. 2023 సర్వేలో ఎలక్ట్రిక్ కార్లకు మామూలు కార్ల కన్నా 79 శాతం ఎక్కువ సమస్యలు, హైబ్రిడ్లకు 26 శాతం తక్కువ అని తేలింది. ఇంత పెద్ద తేడా శాంపిల్ పొరపాటు కాదు. మరుసటి ఏడాది ఎలక్ట్రిక్ కార్ల అంకె 42 శాతానికి దిగింది. కొత్త టెక్నాలజీ ఎంత తొందరగా కుదురుకుంటుందో అందులోనే కనిపిస్తుంది. పాత జాబితా పట్టుకుని కొత్త బండిని తీసిపారేయకూడదన్నదీ అందులోనే ఉంది.

ఇంకో చిక్కు జవాబిచ్చే మనిషి మనసు. నమ్మకమైన పేరున్న కారు కొన్నవాడు చిన్న లోపాన్ని ‘అది పెద్ద విషయం కాదు’ అని వదిలేస్తాడు. పేరు లేని కారు కొన్నవాడు అదే లోపాన్ని రాసి పంపిస్తాడు. దీన్ని తేల్చుకోవడానికి ఒకే బండికి రెండు పేర్లున్న కార్లు పనికొస్తాయి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 1984 నుంచి 2010 దాకా జనరల్ మోటార్స్, టయోటా ఉమ్మడి ఫ్యాక్టరీ నడిచింది. ఇప్పుడు అది టెస్లా చేతిలో ఉంది. అక్కడ టయోటా కరోలా, షెవర్లే ప్రిజం పక్కపక్కనే తయారయ్యేవి. లోపల చాలావరకు ఒకే బండి. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మాత్రం కరోలాకే ధర ఎక్కువ. తెలిసినవాళ్లు నవ్వుకుంటూ ప్రిజం కొనుక్కునేవాళ్లు.

ఇక్కడా అదే కథ ఉంది. టయోటా గ్లాంజా అంటే మారుతి బలేనో. 2019 జూన్‌లో వచ్చిన గ్లాంజా సుజుకి గుజరాత్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. ఇంజిన్ అదే, గేర్‌బాక్స్ అదే. రూమియన్ అంటే ఎర్టిగా. గ్రాండ్ విటారా, హైరైడర్ జంట అయితే కర్ణాటకలో బిడదిలోని టయోటా ఫ్యాక్టరీలో తయారయ్యాయి. ‘టయోటా కాబట్టి గట్టిగా ఉంటుంది’ అని గ్లాంజా కొనేవాళ్లు కొన్నది సుజుకి బండినే. మారేది సర్వీస్ సెంటర్, వారంటీ షరతులు, అమ్మేటప్పుడు వచ్చే ధర. అవి తక్కువ విషయాలేం కావు. చిన్న ఊళ్లో ఉండేవాళ్లకు సర్వీస్ సెంటర్ దగ్గరగా ఉండడం అన్నిటికన్నా ముఖ్యం కావచ్చు. కానీ అది ఇంజిన్ గట్టిదనం కాదు.

జర్మనీలో అడగరు, చూస్తారు

యజమాని మనసుతో సంబంధం లేని లెక్క కావాలంటే జర్మనీ వైపు చూడాలి. అక్కడ కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత ప్రతి రెండేళ్లకు తప్పనిసరి తనిఖీ ఉంటుంది. ఎక్కువ తనిఖీలు చేసే ‘టూఫ్’ సంస్థలు ఏటా దాదాపు కోటి తనిఖీల ఫలితాలను మోడల్ వారీగా బయటపెడతాయి. 2025 నివేదికలో రెండు మూడేళ్ల వయసున్న కార్లలో హోండా జాజ్ అన్నిటికన్నా మెరుగు. పెద్ద లోపాలతో దొరికినవి 2.4 శాతమే. టెస్లా మోడల్ 3 ఆఖరున ఉంది, 14.2 శాతం.

ఇదీ పూర్తి కథ కాదు. ఈ తనిఖీలో చూసేది బ్రేకులు, లైట్లు, సస్పెన్షన్, టైర్లు, పొగ. ఎలక్ట్రిక్ కారు వేగం తగ్గేటప్పుడు మోటారే బండిని ఆపుతుంది, మామూలు బ్రేకుల వాడకం తగ్గి డిస్కులు తుప్పు పడతాయి. ఏడాదికోసారి సర్వీస్‌కు వెళ్లాల్సిన పని లేకపోవడంతో తనిఖీకి ముందు ఎవరూ చూడరు. పోర్షే 911 ఇదే నివేదికల్లో ఏళ్ల తరబడి పైన ఉండడానికి ఇంజినీరింగ్ ఒక్కటే కారణం కాదు. అంత ఖరీదైన కారును తక్కువ తిప్పుతారు, పువ్వులా చూసుకుంటారు. చౌక కారు రోజూ తిరుగుతుంది, సర్వీస్ వాయిదా పడుతుంది. తనిఖీ లెక్కలో బండి ఎంత కనిపిస్తుందో, యజమాని కూడా అంతే కనిపిస్తాడు.

జర్మనీలోనే ‘ఏడీఏసీ’ అనే మోటారు క్లబ్ రోడ్డు మీద ఆగిపోయిన కార్ల లెక్క ఇస్తుంది. అందులో 40 శాతానికి పైగా మామూలు 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోయిన కేసులే. కంపెనీ సొంత సహాయ వాహనం వచ్చి లాక్కెళ్లిన కారు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. ఇదే క్లబ్ 2014 జనవరిలో పరువు పోగొట్టుకుంది. జర్మన్ల అభిమాన కారు అంటూ ఇచ్చే అవార్డులో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌కు వచ్చిన ఓట్లు 3,409 అయితే 34,299 అని చూపించారు. క్లబ్ ప్రచార విభాగం అధిపతి రాజీనామా చేశారు, కార్ల కంపెనీలు అవార్డులు వెనక్కి ఇస్తామన్నాయి. రోడ్డు మీద ఆగిన బండ్ల లెక్క వేరు, ఈ ఓట్ల అవార్డు వేరు. అయినా దశాబ్దాల పేరున్న సంస్థలో కూడా ‘జనం మెచ్చిన కారు’ లాంటి ఓట్ల లెక్కను బయటివాళ్లు సరిచూడకపోతే ఏమవుతుందో తెలిసింది.

భారత్‌లో ఉన్నవి, లేనివి

షోరూంలో చూపించే స్టార్ల సంగతికి వద్దాం. భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ 1 నుంచి నడుస్తోంది. అంతకు ముందు 2014 నుంచి గ్లోబల్ ఎన్‌క్యాప్ ఇక్కడి కార్లను పరీక్షించింది. 64 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి, 50 కిలోమీటర్ల వేగంతో పక్క నుంచి ఢీకొట్టించి లోపలివాళ్లకు ఎంత రక్షణ ఉందో చూస్తారు. ఇల్లాలిని, పిల్లలను ఎక్కించుకునే బండికి ఇది చూడాల్సిన అంకే. కానీ ఐదు స్టార్ల కారు నెలకోసారి షెడ్డుకు వెళ్లవచ్చు. ఒక్క స్టార్ రాని కారు పదిహేనేళ్లు నిక్షేపంగా తిరగవచ్చు. స్టార్లు ప్రమాదం జరిగిన క్షణం గురించి చెబుతాయి, మిగతా రోజుల గురించి కాదు. దీనికి తిరగేసిన ఉదాహరణ హోండా. మన్నికకు పేరున్న ఆ కంపెనీ బండ్లలోనే తకాతా సంస్థ ఎయిర్‌బ్యాగులు పగిలి ప్రాణాలు పోయాయి.

జె.డి. పవర్ భారత్‌లోనూ చాలా ఏళ్లు సర్వేలు చేసింది. డీలర్ సర్వీస్ సర్వేలో మారుతి పదేళ్లకు పైగా వరుసగా మొదటి స్థానంలో ఉంది. అది సర్వీస్ సెంటర్‌లో మర్యాద, సమయం, బిల్లు గురించి అడిగిన సర్వే. బండి ఎన్నిసార్లు అక్కడికి వెళ్లాల్సి వచ్చిందన్నది వేరే ప్రశ్న.

ప్రకటనలు తీసుకోకుండా, సొంత డబ్బుతో కార్లు కొని, ఏటా లక్షల యజమానులను అడిగి మోడల్ వారీగా లెక్క చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ లాంటిది మాత్రం ఇక్కడ వేళ్లూనుకోలేదు. ఆ ఖాళీలో ఆన్‌లైన్ స్టార్లు, యూట్యూబ్ రివ్యూలు వచ్చి కూర్చున్నాయి. రివ్యూ చేసేవాళ్లలో నిజాయితీపరులు లేకపోలేదు. కాని చాలామంది నడిపేది కంపెనీ ఇచ్చిన కొత్త కారు, అదీ కొద్ది రోజులు. ఆన్‌లైన్ రివ్యూ రాసింది నిజంగా కొన్న మనిషేనా అని తేల్చడానికి భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 పేరుతో ఒక ప్రమాణం తెచ్చింది. అది తప్పనిసరి కాదు. డెలివరీ రోజున పూలదండ వేసిన ఫొటోతో ఐదు స్టార్లు ఇచ్చిన మనిషి బండి ఇంకా షోరూం గేటు కూడా దాటి ఉండదు.

అమెరికా జాబితా తెచ్చి ఇక్కడ వాడుకోవడంలోనూ ఇబ్బంది ఉంది. బ్రెజా, నెక్సాన్, క్రెటా లాంటి బండ్లు ఆ జాబితాలో ఉండనే ఉండవు. ఒకే పేరున్నా ఇంజిన్ వేరు, ఫ్యాక్టరీ వేరు. ఇక్కడి ఎండ, దుమ్ము, స్పీడ్ బ్రేకర్లు, వానాకాలంలో అండర్ పాస్‌లో నిలిచే నీళ్లు ఆ లెక్కలో లేవు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపడం లాంటివి కూడా లేవు.

ఇక్కడ చేతికి అందే ఆధారాలు

రీకాల్ వివరాలు అందరికీ అందేవే, వాడుకునేవాళ్లే తక్కువ. 2019 మోటారు వాహనాల చట్ట సవరణతో ప్రభుత్వానికి రీకాల్ ఆదేశించే అధికారం వచ్చింది, 2021 ఏప్రిల్ 1 నుంచి దాని నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఛాసిస్ నంబర్ ఇస్తే ఆ బండికి పెండింగ్ రీకాల్ ఉందో లేదో కంపెనీ వెబ్‌సైట్లో గానీ, సర్వీస్ సెంటర్లో గానీ చెబుతారు. 2021 సెప్టెంబర్‌లో మారుతి సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్‌ఎల్6 పెట్రోల్ బండ్లు 1,81,754 వెనక్కి పిలిచింది. 2018 మే నుంచి 2020 అక్టోబర్ మధ్య తయారైనవి అవి. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఇప్పుడు తిరుగుతున్నవి సరిగ్గా ఆ వయసు బండ్లే. రీకాల్ పని కంపెనీ ఉచితంగా చేస్తుంది. మొదటి యజమాని చేయించుకోకపోతే రెండో యజమాని అడిగి చేయించుకోవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లయితే 17 అక్షరాల విన్ నంబర్‌తో ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్లో ఉచితంగా చూసుకోవచ్చు.

గల్ఫ్‌లో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇంకో జాగ్రత్త. అమెరికాలో ప్రమాదాల్లోనో వరదల్లోనో దెబ్బతిని వేలంలో అమ్ముడుపోయిన కార్లు ఓడల్లో షార్జా, దుబాయ్ చేరి, బాగుచేసి అమ్ముడవుతుంటాయి. క్యామ్రీకి ఎంత మంచి రేటింగ్ ఉన్నా నీళ్లలో మునిగిన ఆ ఒక్క క్యామ్రీకి అది వర్తించదు. గల్ఫ్ వేడికి తగ్గట్టు తయారైన బండా, బయటి నుంచి వచ్చిందా అని అడిగి, విన్ నంబర్‌తో పాత చరిత్ర తీయించాలి.

హైదరాబాద్‌లో గానీ, గుంటూరు, కర్నూలులో గానీ వాడిన బండి కొనేటప్పుడు మోడల్ రేటింగ్ కన్నా ఆ బండి కాగితాలే ఎక్కువ చెబుతాయి. ఆర్‌సీ, ఎంత మంది యజమానులు మారారు, లోన్ బాకీ ఉందా అన్నవి ఎమ్‌పరివాహన్ యాప్‌లో చూడవచ్చు. పాత ఇన్సూరెన్స్ పాలసీ అడిగి అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంత ఉందో చూడాలి. ఐదేళ్లు వరుసగా క్లెయిమ్ చేయకపోతే అది 50 శాతానికి చేరుతుంది. సున్నా ఉంటే గత ఏడాది ఏదో దెబ్బ తగిలిందేమోనని అడగాల్సిందే. బోనస్ బండిది కాదు, మనిషిది. పాత కారు నుంచి తెచ్చుకున్నదై ఉండవచ్చు, అందుకని అదొక్కటే చూసి తేల్చేయకూడదు. సర్వీస్ సెంటర్ రికార్డులో కిలోమీటర్లు తేదీల వారీగా ఉంటాయి. మీటర్ వెనక్కి తిప్పి ఉంటే అక్కడ దొరికిపోతుంది.

ఆఖరి పరీక్ష మెకానిక్‌ది. అమ్మేవాళ్లకు సంబంధం లేని మెకానిక్‌కు ఫీజు ఇచ్చి తీసుకెళ్లాలి. ఉదయం పూట, బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు, ముందుగా స్టార్ట్ చేసి పెట్టవద్దని చెప్పి వెళ్లాలి. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషంలో చేసే చప్పుడు, సైలెన్సర్ నుంచి వచ్చే పొగ రంగు వేడెక్కాక చాలాసార్లు కనిపించవు. ముందే స్టార్ట్ చేసి ఉంచారేమోనని అనుమానం వస్తే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.